రాతి బల్ల మీద చోటు

రాహత్ అంటే ఊరట. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, అరవై తొమ్మిదేళ్ళలో రాహత్ బీ ప్రాణానికి ఒక్క పూట ఊరట లేదు. ఇంట్లోంచి ఎవరు బయటికి అడుగుపెట్టినా సరే, గుమ్మంలో నిలబడి, వాళ్ళు శాలిబండ గల్లీ మలుపు తిరిగేదాకా చూసి, మూడుసార్లు ఖుదా హాఫిజ్ చెప్పి, మనిషి కనబడకుండా పోయాక కూడా కాసేపు అక్కడే నిలబడుతుంది. కొడుకు ఫహీమ్ దుకాణానికి పోయినా అంతే, కోడలు సమీనా కొత్తిమీర కట్టకి పోయినా అంతే. పదిహేనేళ్ళ కిందట ఆమె భర్త ఆఫీసుకు బయల్దేరుతూ "పోయొస్తా" అన్నప్పుడు ఆమె వంటింట్లోంచే "ఆఁ" అంది. పెనం మీద రొట్టె మాడుతుందని బయటికి రాలేదు. ఆ సాయంత్రం ఆయన్ని నలుగురు మోసుకొచ్చారు. అప్పట్నుంచీ రొట్టె మాడితే మాడనీ, ఆమె గుమ్మంలోకి వస్తుంది.

అలాంటి మనిషికి ఈ ఆదివారం తెల్లవారుతూనే గుండెలో గుబులు మొదలైంది. ఫర్ఖందా ఇవాళ వెళ్ళిపోతుంది.

ఫర్ఖందా, రాహత్ ఒకే గోడకి అటొకరు ఇటొకరు పుట్టి పెరిగారు. హైదరాబాదును పాత కాగితాల్లో ఫర్ఖందా బునియాద్ అని రాసేవారట. "ఊరి పేరు పెట్టుకుని ఊరినే వదిలి పోయింది" అని రాహత్ బీ ఇప్పటికీ దెప్పుతుంది. పంతొమ్మిదో ఏట పెళ్ళయి ఔరంగాబాద్ పోయిన ఫర్ఖందా, తల్లీ తండ్రీ పోయినప్పుడు ఏడుస్తూ వచ్చి ఏడుస్తూ వెళ్ళింది. ఆ తర్వాత అన్నదమ్ములు ఇల్లు అమ్మేసి జిద్దా చేరారు. వచ్చి దిగడానికి ఆమెకిక్కడ గుమ్మమే లేకుండా పోయింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా మొదట ఉత్తరాలూ, ఆ తర్వాత ఫోన్లూ. మొన్నటికి మొన్న భర్త పోయి ఏడాది నిండాక, "నా ఊరు నేను చూసుకోవాలె" అని ఒక్కతే బండెక్కి రాహత్ ఇంట్లో దిగింది. మూడు రోజులు ఉంటానంది. ఇది మూడో రోజు. సాయంత్రం ఆరున్నరకి కాచిగూడలో బండి.

రాహత్ బీ గుబులు బండి గురించి ఒక్కటే కాదు. మక్కా మసీదు ఆవరణలో, నీళ్ళ హౌజు చివర, రెండు రాతి బల్లలున్నాయి. వాటి మీద కూర్చున్నవాళ్ళు ఏ దేశం పోయినా ఈ ఊరికి తిరిగొచ్చి మళ్ళీ ఆ రాతి మీద కూర్చుంటారని ఊరంతా అంటుంది. ఫర్ఖందాను అత్తారింటికి పంపే రోజు పొద్దున రాహత్ ఆమెను చెయ్యి పట్టి అక్కడికే లాక్కుపోయింది. ఆ వేళ బల్లల చుట్టూ జనం. ఒకాయన లేవగానే రాహత్ పరుగెత్తి, బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు విసిరినట్టు తానే కూలబడి, "రావే, చోటు ఆపిన!" అని అరిచింది. అదే క్షణంలో ఫర్ఖందా అన్న దర్వాజా దగ్గర్నుంచి కేకేశాడు. మేళం వచ్చేసిందట, పెళ్ళికూతురు ఏదని ఇల్లంతా వెతుకుతున్నారట. ఫర్ఖందా వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయింది. ఊరు దాటవలసింది నిలబడే పోయింది. గల్లీ కూడా దాటనిది రాతి మీద కూర్చుండిపోయింది.

దాని తిరుగుదారి నేనే మింగేశాను అని రాహత్ బీ యాభై ఏళ్ళుగా అనుకుంటోంది. ఈసారి అల్లా దయవల్ల వచ్చింది. ఇవాళ ఆ బల్ల మీద కూర్చోబెట్టి పంపితే మళ్ళీ వస్తుంది. కూర్చోకుండా పోయిందా, ఈ వయసులో ఇంక చూసేదెక్కడ?

అందుకే కిచిడీ, కీమా, చింతపండు ఖట్టా పళ్ళెంలో పెడుతూనే మొదలుపెట్టింది.

"ముందు మసీదుకే పోదాం."

"మసీదు యాడికి పోతదే?" అంది ఫర్ఖందా, అప్పడం విరుస్తూ. "మన తాతల తాతల సంది ఆడనే ఉన్నది. ముందు సాలార్‌జంగ్ గడియారం చూడాలె. పన్నెండు కొట్టేటప్పుడు."

"పన్నెండు దాటితే ఆటో దొర్కది. ఆటో దొర్కకుంటే..."

"నడుస్త. నడవలేకుంటే నువ్వు ఎత్తుకో."

సమీనా పొయ్యి దగ్గర్నుంచి నవ్వింది. "ఖాలా, మా అమ్మీ రాత్రి కలల నీకు మూడుసార్లు బండి తప్పిచ్చింది. ఒకసారైతే ఇంజనే పోయిందట."

"నవ్వు, నవ్వు దుల్హన్ పాషా," అంది రాహత్ బీ. కోడలు ఇంటికొచ్చి ఇరవై ఏళ్ళయినా ఆమెకింకా దుల్హనే, కొత్త పెళ్ళికూతురే. "నీకేం ఎరుక."

"నాకేం ఎరుక లేదు గని, ఇమాం జామిన్ కుట్టంగ మిగిలిన ఆకుపచ్చ పట్టు ముక్క ఏడ పెట్టినవ్?"

ప్రయాణం పోయేవాళ్ళ జబ్బకు కట్టే పట్టీ అది. లోపల ఒక రూపాయి బిళ్ళ పెట్టి కుడతారు. క్షేమంగా చేరాక ఆ బిళ్ళ ఫకీరుకి. ఫర్ఖందా కోసం రాహత్ బీ రెండు రోజులు కూర్చుని, అంచుకి జరీ వేసి మరీ కుట్టింది.

"నీకెందుకు?"

"దిండు గలీబు చినిగింది. అతుకేస్త."

"పట్టు ముక్కతోటి గలీబుకు అతుకా! విన్నవా ఫర్ఖూ? నవాబు కూతురు. డబ్బాల ఉంది, తీసుకో పో."

ఫర్ఖందా తల వంచుకుని కిచిడీ తిన్నది. ఎందుకో ఆమెకు పొలమారింది.

సాలార్‌జంగ్ మ్యూజియం ఆదివారం జాతరలా ఉంది. ముసుగు వేసుకున్న పాలరాతి పిల్ల ముందు ఫర్ఖందా పావుగంట నిలబడింది. రాతిలోంచి మేలిముసుగు, ముసుగులోంచి ముక్కు, కళ్ళు.

"గిట్ల ముసుగుల ముఖం కనపడేటట్టు నేను ఏసుకుంటే మా అత్త ఒప్పుకునేదా?" అంది. "రాయి కాబట్టి సాగింది దీనికి."

"చూసినవ్ గదా, నడువు."

"చూసిన గని, మనసు నిండలె."

గడియారం దగ్గర నేల మీదా బెంచీల మీదా జనం మెడలెత్తి కూర్చున్నారు. పన్నెండుకి ఇంకా పది నిమిషాలు. కాపలా కుర్రవాడు కొత్తవాడు, కాన్పూరు వైపు నుంచి వచ్చినవాడు. "మొదటిసారా అమ్మా?" అని అడిగాడు.

"అయ్యో, పర్సోం చూసిన దీన్ని," అంది ఫర్ఖందా.

వాడు వేళ్ళు ముడిచి లెక్క చూసుకున్నాడు. "పర్సోం శుక్రవారం గదమ్మా. శుక్రవారం మ్యూజియం బందు. మిమ్మల్ని లోపలికి ఎవరు పంపిండ్రు?"

చుట్టుపక్కల కూర్చున్న పాతబస్తీ ఆడవాళ్ళందరూ గొల్లున నవ్వారు. ఈ ఊళ్ళో పర్సోం అంటే మొన్న కావచ్చు, ఎల్లుండి కావచ్చు, తాతగారి కాలం కావచ్చు. అటూ ఇటూ ఎంత దూరానికైనా ఆ ఒక్క మాటే.

"ఆ పర్సోం కాదు బిడ్డా," అంది ఫర్ఖందా కళ్ళు తుడుచుకుంటూ. "నా పెళ్ళికి ముందటి పర్సోం."

"మరి ఇప్పుడు పోతే మళ్ళ ఎప్పుడొస్తరు?"

"పర్సోం వస్త."

వాడు తల గోక్కున్నాడు. రాహత్ బీ మాత్రం నవ్వలేదు. పెళ్ళినాడు దర్వాజా దగ్గర వెనక్కి తిరిగి ఫర్ఖందా అన్న మాట కూడా అదే. పర్సోం వస్తనే.

టక్కున గడియారం తలుపు తెరుచుకుంది. గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టడం మొదలుపెట్టింది. జనం గుసగుసగా లెక్కపెడుతున్నారు. రాహత్ బీ కూడా లెక్కపెట్టింది గాని ఆమె లెక్క వేరు. ఆరున్నరకి ఎంత, ఐదున్నరకి ఇంట్లోంచి బయల్దేరితే ఎంత, మసీదు దగ్గర ఎంత. పన్నెండో గంట మోగేసరికి ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది.

"చూడు వాణ్ణి," అంది ఫర్ఖందా మోచేత్తో పొడుస్తూ. "బయటికొచ్చిండు, పని చేసిండు, లోపలికి పోయిండు. నీ లెక్క తలుపు దగ్గర నిలబడి ఏడుస్తుండా?"

"వానికి ఎవరున్నరు ఏడ్వనీకి," అంది రాహత్ బీ.

ఆటో దొరికింది. ఆటోలో కూడా "మసీదు" అంటూనే ఉంది. ఫర్ఖందా మాత్రం "చౌమహల్లా" అని డ్రైవరు వీపు తట్టింది. అతను ఇద్దర్నీ అద్దంలో చూసి, "ఖాలా, ఇద్దరూ ఒక్క మాట మీదికి రాండ్రి. నా బండికి ఒక్కటే హ్యాండిలు," అన్నాడు. చివరికి చౌమహల్లాకే పోయాడు. ఫర్ఖందా గొంతు పెద్దది.

చిన్నప్పుడు ఆ నిజాం ప్యాలెస్ గోడ పక్కనుంచే బడికి పోయేవారు. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. తలుపులు ఎప్పుడూ మూసే ఉండేవి. ఇప్పుడు టికెట్టు కొన్నవాళ్ళందరికీ తెరిచారు. రాహత్ బీ మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ పోలేదు. ఊళ్ళో ఉన్నవాళ్ళు ఊరు చూస్తారా ఎక్కడైనా. దర్బారు హాల్లో గాజు దీపాల గుత్తులు తల మీద వేలాడుతుంటే ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని గుండ్రంగా తిరిగారు. రాహత్ బీ కాసేపు బండి సంగతి మరిచిపోయింది కూడా.

"వీటి బూజు ఎవరు దులుపుతరే?" అంది మెల్లగా.

"అందుకే నువ్వు రాణివి కాలేదు," అంది ఫర్ఖందా.

తోటలో ఫౌంటెన్ గట్టు మీద కూర్చుని, సమీనా కీమా పెట్టి వేయించి కట్టిచ్చిన లుఖ్మీలు ఎవరూ చూడకుండా చీర కొంగు చాటున తిన్నారు. కావలివాడు అటు తిరిగినప్పుడల్లా ఒక్కో ముక్క. బడి వెనక బెంచీలో తిన్నట్టే.

"బాగుంది గని, మా ఔరంగాబాద్ బీబీ కా మక్బరా ముందర ఇదేం లెక్క," అంది ఫర్ఖందా. "పొద్దుగాల మంచుల చూడాలె దాన్ని. పాలమీగడ లెక్క ఉంటది."

"తాజ్‌మహల్‌కు చెల్లె అంటరు గదా."

"చెల్లె అంటే చిన్నదనా? చెల్లెకు అణకువ ఎక్కువ. అంతే. నువ్వు చూసినవా, మాట్లాడనీకి?"

రాహత్ బీ చూడలేదు. ఊరి చివరి పహాడీ షరీఫ్ దర్గా దాటి ఆమె ఎటూ పోలేదు.

"ఎన్నిసార్లు రమ్మన్న నిన్ను?" అంది ఫర్ఖందా. ఆమె గొంతులో ఆట తగ్గింది. "ఒకసారి దుల్హన్ కానుపు అన్నవ్. ఒకసారి నల్లా పోయిందన్నవ్. ఒకసారి మోకాళ్ళు. మా ఆయన పోయినప్పుడు గూడ రాలె నువ్వు. ఫోన్ల ఏడ్చినవ్."

రాహత్ బీ చేతిరుమాలు మడత విప్పి మళ్ళీ మడిచింది. "నాకు భయమే. మా అన్న ఊరు దాటి పోయిండు, రాలె. మా ఆయన ఆఫీసుకు పోయిండు, రాలె. పోయినోళ్ళు రారు ఫర్ఖూ. నేనొకదాన్ని ఇంట్ల ఉంటే, వచ్చేటోళ్ళకు తలుపు తీసేటందుకన్న ఉంట గదా."

ఫర్ఖందా మిగిలిన లుఖ్మీని రెండు ముక్కలు చేసి పెద్ద ముక్క రాహత్ బీ చేతిలో పెట్టింది. "నడువు, ఇగ నీ మసీదుకు," అంది.

చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టేసరికి మూడు దాటింది. పావురాలు జొన్నల మీద వాలి లేస్తున్నాయి. హౌజు చివర బల్లల దగ్గర నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి గైడు చుట్టూ మూగింది. భారీ మనిషొకడు ఒక బల్లంతా తానే నింపి కూర్చున్నాడు. రెండో బల్ల మీద ఆయన పిల్లలు, సంచులు.

"దీని మీద కూర్చున్నవాళ్ళు తప్పకుండా మళ్ళీ ఈ ఊరు వస్తారు సార్," అన్నాడు గైడు.

"అయ్యో, లెయ్యండి ముందు!" అని ఆయన భార్య కేకపెట్టింది. "మళ్ళీ ఈ ఊరా? పొద్దుట్నించి నడిపించి చంపినారు. ఇంక నా వల్ల కాదు, లెయ్యండంటుంటే!"

ఆయన నవ్వుతూ లేచాడు. అదే సమయానికి అవతలి వైపు నుంచి కొత్త జంట ఒకటి ఫోను పట్టుకుని బల్ల వైపు వస్తోంది. రాహత్ బీ చూసింది. మోకాళ్ళ సంగతి మరిచిపోయింది. సంచీ ఊపుకుంటూ నాలుగంగల్లో పోయి బల్ల మీద కూలబడి, పక్కన సంచీ పడేసి, అరిచింది.

"రావే! జల్ది! చోటు ఆపిన!"

రాయి చల్లగా తగిలింది. అప్పుడు తెలిసింది ఆమెకు తానేం చేసిందో.

ఫర్ఖందా హౌజు గట్టున నిలబడిపోయింది. ఒక్క నిమిషం చూసి, నడుము పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి గట్టు మీద చెయ్యి ఆనించింది. "మళ్ళ కూసున్నవా! యా అల్లా, మళ్ళ నువ్వే కూసున్నవా!"

రాహత్ బీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేవబోయింది. ఫర్ఖందా వచ్చి ఆమె భుజం నొక్కి పట్టింది.

"ఊకో. లేవకు."

"నీ చోటు మళ్ళ నేనే..."

"నా మాట విను. ఔరంగాబాద్‌ల నాకు పాణం మంచిగ లేని రోజు ఏమనుకునేదాన్నో ఎరుకనా? మక్కా మసీదుల రాయి మీద నాకోసం చోటు ఆపి ఉంది అనుకునేదాన్ని. ఆడ రాహత్ కూసోనుంది, నేను పోయేదాక లేవది అనుకునేదాన్ని. నువ్వు కూసున్నవ్ కాబట్టే నేనొచ్చిన. లేకుంటే ఈ ఊళ్ళె నాకు ఎవరున్నరే?"

రాహత్ బీ తలెత్తి చూసింది. యాభై ఏళ్ళుగా మింగలేక కక్కలేక గొంతులో పెట్టుకున్నది ఒక్కసారి కిందికి జారినట్టయింది. "నీ ముఖం చెమట పట్టింది, తుడుచుకో," అంది.

ఫర్ఖందా తుడుచుకోలేదు. చేతిసంచీ తెరిచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసి ఆమె ఒడిలో పెట్టింది. రాహత్ బీ కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. ఇంగ్లీషు అక్షరాలు ఆమె తనకు తానే నేర్చుకుంది, దుకాణాల బోర్డులు చూసి. అందుకని వేలు పెట్టుకుని చదువుతుంది. కాచిగూడ. ఔరంగాబాద్. రాహత్ ఉన్నీసా, స్త్రీ, 69.

"ఇదేంది?"

"నా పక్క సీటు. ఈ పొద్దటిదే."

"ఎవరు తీసిండ్రు?"

"నీ దుల్హన్ పాషా. ఫోన్ల."

రాహత్ బీ నోరు తెరిచింది. "దిండు గలీబు!" అంది. "ఆకుపచ్చ ముక్క!"

"నీ జబ్బకు రెండోది గూడ కుట్టే ఉంటది ఈ పాటికి. నీ బట్టలు సర్దింది. మోకాళ్ళ నూనె, బీపీ గోలీలు, అన్నీ. అందుకే మసీదు ఆఖరికి పెట్టిన నేను. ముందే చెప్తే పొద్దటి సంది నల్లా విప్పుకుని కూసుంటవ్ నువ్వు."

"నేను రాను. నా వల్ల కాదు. పోయి తిరిగి రాకుంటే?"

"ఏమే, ఎవరి ముందర మాట్లాడుతున్నవ్?" అని ఫర్ఖందా రాతి మీద అరచేత్తో కొట్టింది. "యాభై ఏండ్ల కింద కూసున్నవ్. ఈ పొద్దు మళ్ళ కూసున్నవ్. ఒక్కసారి కూసున్నోళ్ళకే మాట ఇస్తదట ఈ రాయి. నీకు రెండుసార్లు ఇచ్చింది. నువ్వు ఊరే దాటకుంటే అది మాట ఎట్ల నిలుపుకోవాలె, చెప్పు?"

హౌజులో ఆకాశం కదులుతోంది. పావురం ఒకటి వచ్చి ఆమె సంచీ పక్కన వాలి, లుఖ్మీ ముక్కలేమైనా ఉన్నాయేమోనని చూసి పోయింది. రాయి మెల్లమెల్లగా వెచ్చబడింది.

"తిరుగు టికెట్టు గూడ తీసిందా?" అంది రాహత్ బీ, కాగితం మళ్ళీ మడుస్తూ.

"తియ్యలె. రాయి ఉంది గదా."

కొత్త జంటలో అమ్మాయి ఓపిక పట్టలేక, "ఆంటీ, మీదైందా?" అంది. "జర ఆగు బిడ్డా," అంది ఫర్ఖందా. "కాళ్ళు గుంజుతున్నయి." అని సంచీ పక్కకి జరిపి రాహత్ బీ పక్కన కూర్చుంది. కూర్చున్నాక గాని ఇద్దరికీ గుర్తు రాలేదు ఎక్కడ కూర్చుందో. రాహత్ బీ చప్పున అటు చూసింది. ఫర్ఖందా కూడా చూసింది. ఆ అమ్మాయికి చోటిచ్చి లేచేటప్పుడు రాహత్ బీ మాత్రం ఫర్ఖందా మోకాలి మీద చెయ్యి వేసి ఆనుకుని, కావలసినదానికంటే ఒక క్షణం ఎక్కువసేపు ఆగి లేచింది.

ఇంటి దగ్గర సమీనా చేతులు కట్టుకుని, చీవాట్లకు సిద్ధంగా నిలబడి ఉంది. రాహత్ బీ ఆమెను చూసి, "గలీబు చూపియ్యి," అంది. సమీనా వెనకనుంచి తీసి చూపించింది. ఆకుపచ్చ పట్టు, కొంచెం వంకర కుట్టు, మధ్యలో బిళ్ళ గుండ్రంగా ఎత్తుగా.

"జరీ లేదేంది?"

"జరీ మొత్తం నువ్వే వాడితివి అమ్మీ."

"కుట్టు వంకరుంది," అంది రాహత్ బీ, జబ్బ ముందుకు చాపుతూ.

కాచిగూడలో ఫహీమ్ పెట్టెలు పైన పెట్టి దిగాడు. బండి కూత వేసింది. సమీనా కిటికీ ఊచలు పట్టుకుని నడుస్తూ, "నల్లా నేను చూసుకుంట. మిద్దె మీది పావురాలకు జొన్నలు ఏస్త. తలుపు కాడ నేనే నిలబడత, ఫికరు చెయ్యకు," అంటోంది. అని, గొంతు సర్దుకుని, మూడుసార్లు ఖుదా హాఫిజ్ చెప్పింది. అత్తగారు చెప్పే పద్ధతిలోనే, ఒక్కోదానికి మధ్య కాస్త ఆగి.

రాహత్ బీ ఊచలకు ముఖం ఆనించింది. జీవితంలో ఎన్నోసార్లు ఆమె ఇలాంటి ప్లాట్‌ఫారం మీద నిలబడి కదిలిపోయే బండిని చూసింది. లోపల కూర్చుంటే బండి కదలదని, ప్లాట్‌ఫారమే మెల్లగా వెనక్కి నడుస్తుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. సమీనా, ఫహీమ్, చాయ్ బండి, ఎర్ర చొక్కా కూలీ, అందరూ కలిసి వెనక్కి పోతున్నారు. భయం వేయాలి. జబ్బ మీద బిళ్ళని వేలితో తడుముకుంది. అక్కడే ఉంది.

"అమ్మీ!" సమీనా పరుగెత్తుతూ అరిచింది. "మళ్ళ ఎప్పుడొస్తవ్?"

రాహత్ బీ ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి ఊపింది.

"పర్సోం!"